పడవ ఫిట్టింగ్ కింద ఏ సీలెంట్ పూయాలి? ఎంచుకోవడం నుంచి బిగించడం దాకా

చెన్నై చేపల రేవు కాశిమేడులో ఉండే మా బావ ఫైబర్ బోటుకి ముక్కు దగ్గర తాడు కట్టే క్లీట్ ఒకటి ఉంది. అరచేయంత స్టీలు, నాలుగు బోల్టులు. ఇలా పడవకి బిగించే సామాన్లనే ఫిట్టింగులంటారు. ఓ వానాకాలం దాని కింద పెట్టెలో వలలు తడుస్తున్నాయని బావ చెబితే, ఆదివారం ఖాళీయే కదా అని నేనే వెళ్లాను. ఇంట్లో సింకు కోసం తెచ్చిన సిలికాన్ ట్యూబు సగం మిగిలి ఉంది. క్లీట్ విప్పలేదు. అంచు చుట్టూ తెల్లగా ఓ గీత గీసి, వేలితో నున్నగా దిద్ది, చూసుకుని మురిసిపోయాను. ఆరు నెలలకల్లా బోల్టుల దగ్గర నుంచి తుప్పు చారలు దిగాయి. వలలు మాత్రం తడుస్తూనే ఉన్నాయి. సరే, ఈసారి సరైన సీలెంట్ తెచ్చి పూద్దామంటే అది అంటుకోనే లేదు. సిలికాన్‌ని ఎంత గీకినా దాని జిడ్డు ఫైబర్ మీద ఉండిపోయింది. శాండింగ్ చేసి జెల్‌కోట్, అంటే ఫైబర్ మీది నున్నటి రంగుపొర, కాస్త తీసేస్తే గానీ పని జరగలేదు.

దాంతో బుద్ధి వచ్చిందనుకుని రెండో తప్పు చేశాను. హ్యాచ్, అంటే పడవ పైన ఉండే మూత, దాని ఫ్రేముకి దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ గట్టిగా పట్టేది ఏదో అడిగి మరీ కొన్నాను. ఒక్క చుక్క కారలేదు. రెండేళ్లకి ఫ్రేము పగిలి మార్చాల్సి వచ్చింది. ఉలి పెట్టి లేపితే ఫ్రేముతోపాటు జెల్‌కోట్, దాని కింద గాజునార మ్యాట్ పొర కూడా ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చాయి. సీలెంట్ మాత్రం చెక్కుచెదరలేదు. బావ పక్కనే నిలబడి బీడీ కాలుస్తూ, "ఏరా, ఫ్రేము తీస్తున్నావా, బోటు తీస్తున్నావా?" అన్నాడు.

అప్పట్నుంచి నేను "ఏది గట్టిగా పట్టుకుంటుంది?" అని అడగడం మానేశాను. సీలెంట్ పని నీళ్లని ఆపడం. ఫిట్టింగ్‌ని పట్టుకునే పని బోల్టులదీ, డెక్ కింద, అంటే పడవ పైతలం కింద, నట్లకి ఆనించే బ్యాకింగ్ ప్లేటు అనే పలకదీ. ఈ రెండు పనులూ కలిపేసుకుంటే నాలాగా రెండు తప్పులూ వరసగా చేస్తారు.

మొదటి పని: దుకాణానికి వెళ్లే ముందు ఫిట్టింగ్ దగ్గర కూర్చోండి

ట్యూబు మీద "మెరైన్" అని రాసి ఉంటే చాలనుకోకండి. ఆ మాట అన్ని రకాల మీదా ఉంటుంది. ముందు మీ ఫిట్టింగ్ సంగతేమిటో చూడాలి.

అది నీళ్లలో మునిగి ఉండేదా, పైన ఉండేదా? ఇది తేలికే, చూడగానే తెలుస్తుంది. తర్వాతది, దాన్ని ఎప్పటికైనా విప్పాలా? నావిగేషన్ లైటు, హ్యాచ్, క్లీట్, పడవ వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ బోల్టులు, ఇవన్నీ ఏదో ఒక రోజు విప్పాల్సినవే. పడవ మీద ఎప్పటికీ విప్పనక్కర్లేనివి ఏవని లెక్కపెడితే డెక్‌కీ కింది హల్‌కీ, అంటే పడవ ఒంటికీ, మధ్య ఉండే అతుకు తప్ప ఇంకేం మిగలదు. మూడోది, ఏ పదార్థం మీద ఏ పదార్థం కూర్చుంటోంది? స్టీలా, అల్యూమినియమా, కర్రా, అక్రిలిక్కా? చాలామంది పట్టించుకోనిది ఇదే, ఎక్కువ డబ్బు తగలేసేదీ ఇదే. నాలుగోది, అక్కడ ఎంత కదలిక ఉంది?

కదలిక గురించి రెండు మాటలు. మద్రాసుకి హార్బరు కట్టకముందు ఓడల నుంచి మనుషుల్నీ సరుకుల్నీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వాటికి మేకులు ఉండేవి కావు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు పడవ ఒళ్లు వంచేది గానీ విరిగేది కాదు. నీళ్లు కారేవి, తోడేసేవాళ్లు. ఇప్పటి ఫైబర్ పడవ అంతలా వంగదు గానీ, అసలు వంగకుండానూ ఉండదు. అందుకే గట్టిపడి రాయిలా మారే ఎపాక్సీ ముద్దలు, ఎంసీల్ లాంటివి, ఫిట్టింగ్ కింద పనికిరావు. కొంచెం కదలగానే అంచు దగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది. నీటికి అది చాలు.

ఎండ వల్ల వచ్చే కదలిక కంటికి కనబడదు గానీ లెక్క వేస్తే కనబడుతుంది. అక్రిలిక్ షీటు మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. ఫైబర్ అందులో దాదాపు మూడోవంతే సాగుతుంది. మీ కేబిన్ కిటికీ 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నానికి దాని ఒంటివేడి 30 డిగ్రీలు పెరిగితే అక్రిలిక్ 1.26 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఫైబర్ అర మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ తేడానంతా రోజూ సాగుతూ, మళ్లీ ముడుచుకుంటూ భరించాల్సింది మధ్యలో ఉన్న సీలెంటే. కాగితమంత పల్చగా పూస్తే ఎంత ఖరీదైనదైనా తెగిపోతుంది. కిటికీ కింద 3 మిల్లీమీటర్ల మందం ఉండాలని పనివాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

రెండో పని: ఏ రకం ఏమిటో తెలుసుకోవడం

బ్రాండ్లు వందుంటాయి, రకాలు అయిదే. రకం తెలిస్తే బ్రాండు గురించి పెద్ద టెన్షన్ పడనక్కర్లేదు.

పాలీయురేథేన్. పనివాళ్ల మాటలో పీయూ. సికాఫ్లెక్స్ 291, 3ఎం 5200, 4200 ఈ రకమే. గాలిలో తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. ఫైబర్‌కి, లోహానికి, కర్రకి బాగా పడుతుంది, నీళ్లలో మునిగి ఉండే చోట ధైర్యంగా వాడొచ్చు. అయితే పీయూలన్నీ ఒకటి కాదు. 5200 నిజానికి జిగురు. దాంతో అతికిస్తే ఇక తీయరు అనుకునే వాడాలి. 4200 బలం దాదాపు అందులో సగం, కాబట్టి కష్టపడితే విప్పొచ్చు. 5200 మామూలు రకం పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. పీయూకి రెండు బలహీనతలున్నాయి. ఎండకి పైన పొడిబారి పసుపెక్కుతుంది. ఇక అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌ల జోలికి వెళ్లకూడదు, వాటికి సన్నటి పగుళ్లు తెప్పిస్తుంది.

పాలీసల్ఫైడ్. 1920ల్లో అమెరికాలో పుట్టిన పాత రకం. గంధకం వాసన వస్తుంది. దీనికి జిగురు తక్కువ, ఓపిక ఎక్కువ. అందుకే నాకు ఇష్టం. మెత్తగా సాగుతుంది, ఏళ్ల తర్వాత కూడా విప్పడానికి వీలిస్తుంది, నీళ్లలో మునిగినా ఫర్వాలేదు. పెట్రోలు, డీజిల్‌కి బాగా తట్టుకుంటుంది. విమానాల ఇంధన ట్యాంకుల అతుకులకు వాడేదీ ఇదే. కాబట్టి డీజిల్ పోసే మూత చుట్టూ దీన్ని మించింది లేదు. టేకు కర్రకీ ఇదే నయం, కర్ర కడిగే మందులకి కరగదు. కష్టం ఏమిటంటే ఒకే ట్యూబులో వచ్చే రకం గట్టిపడటానికి వారం పది రోజులు తీసుకుంటుంది. చెన్నైలో దొరకడమూ అంత తేలిక కాదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. పీయూకి చెప్పిన ప్లాస్టిక్ హెచ్చరిక దీనికీ ఉంది. అక్రిలిక్ దగ్గరకు తేవద్దు.

హైబ్రిడ్, అంటే ఎంఎస్ పాలిమర్. 1970ల చివర్లో జపాన్‌లో మొదలైంది. సిలికాన్‌కీ పీయూకీ మధ్యస్థంగా ఉంటుంది. ఎండకి ఆగుతుంది, పైన పెయింటు పడుతుంది, పీయూలో ఉండే ఐసోసైనేట్ ఇందులో ఉండదు కాబట్టి ఊపిరితిత్తులకు కాస్త హాయి. 3ఎం 4000 యూవీ ఈ జాతిదే. ఒక్క ట్యూబుతో పడవంతా నెట్టుకురావాలంటే నేనైతే దీన్నే తీసుకుంటాను. అయితే ఈ పేరుతో వచ్చేవాటిలో బలం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. నీళ్లలో మునిగే చోట వాడొచ్చని ట్యూబు మీద రాసి ఉందో లేదో చూసుకోండి.

సిలికాన్. తిట్టుకోవడం తేలిక గానీ దీనికీ ఒక చోటుంది. పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తే అది ఎసిటిక్ రకం, ఆ ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. మా బావ క్లీట్‌కి నేను పూసింది అదే. వాసన రాని న్యూట్రల్ రకం అక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలకు సరైనది. ఆ ప్లాస్టిక్‌లను పాడుచెయ్యదు, ఎండకి చెక్కుచెదరదు. మిగతా చోట్ల వద్దు. నీళ్లలో మునిగే చోట అసలే వద్దు. ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఇంకో రకం అంటదు, పెయింటు అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటదు.

బ్యూటైల్ టేపు. చూయింగ్ గమ్‌లా సాగే నల్లటి, బూడిదరంగు పట్టీ. ఇది గట్టిపడదు, ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. డెక్ మీద బోల్టులతో బిగించే ఫిట్టింగులకు బంగారం లాంటిది. ట్యూబు నొక్కే గన్ అక్కర్లేదు, చేతులు పాడవవు, పదేళ్ల తర్వాత బోల్టు విప్పితే చేత్తో ఊడొస్తుంది. నీళ్లలో మునిగే చోట పనికిరాదు. పెట్రోలు, డీజిల్ తగిలితే కరిగిపోతుంది. చవక రకం మన ఎండకి కారి డెక్ మీద నల్ల మచ్చలు చేస్తుంది, కాబట్టి చిన్న ముక్క కొని రెండు రోజులు ఎండలో పెట్టి చూడండి.

మూడో పని: దేనికి ఏది

డ్రెయిన్ ప్లగ్, నీళ్లు లోపలికి తీసుకునే త్రూ హల్, లోతు చూపే సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ లాంటి మునిగి ఉండేవాటికి 4200 లాంటి మధ్యరకం పీయూ గానీ పాలీసల్ఫైడ్ గానీ. ఫిట్టింగే ప్లాస్టిక్‌దైతే దాని తయారీదారు ఏది వద్దన్నాడో చదవాలి. లోహమైతే కంచుది కొనండి. మామూలు ఇత్తడిలోని జింకును ఉప్పునీరు లాగేస్తుంది, పైకి బాగానే కనబడుతూ లోపల పెళుసెక్కి ఓ రోజు చేతిలోకి విరిగొస్తుంది. అప్పుడు ఏ సీలెంటూ కాపాడదు.

అవుట్‌బోర్డ్ బిగించే ట్రాన్సమ్, అంటే పడవ వెనక గోడ, దాని బోల్టులు మన పడవల్లో అన్నిటికంటే ముఖ్యం. చాలా ఫైబర్ బోట్లలో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు కన్నంలోంచి నీళ్లు దిగితే ఆ ప్లైవుడ్ లోలోపల కుళ్లుతుంది, బయటికేమీ తెలియదు. ఇంజిన్‌ని తీయాల్సి వస్తుంది కాబట్టి ఇక్కడ గట్టి జిగురు వద్దు, 4200 రకం పీయూ గానీ పాలీసల్ఫైడ్ గానీ చాలు.

క్లీట్లు, రెయిలింగ్ స్తంభాల పాదాలు, దీపాలు, కప్పీలకు బ్యూటైల్ టేపు, లేదంటే హైబ్రిడ్. స్తంభం పాదం విషయంలో జాగ్రత్త. మనుషులు దాన్ని పట్టుకుని పడవెక్కుతారు, అది గడ్డపార లాగా పాదాన్ని పైకి లేపుతుంది. కింద పెద్ద బ్యాకింగ్ ప్లేటు లేకపోతే ఏది పూసినా ఏడాదికోసారి కారుతుంది.

అక్రిలిక్ కిటికీకి న్యూట్రల్ సిలికాన్, లేదా ఆ ప్లాస్టిక్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్న హైబ్రిడ్. స్క్రూలతో బిగించే కిటికీ అయితే షీటులో కన్నాలు స్క్రూ కంటే 2, 3 మిల్లీమీటర్లు పెద్దవి చెయ్యండి, లేకపోతే సాగడానికి చోటు లేక కన్నం దగ్గరే పగులుతుంది. అల్యూమినియం ఫ్రేములో స్టీలు స్క్రూ వేస్తుంటే స్క్రూకి కూడా సీలెంట్ పూయండి. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలు నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడై రాలిపోతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వచ్చే గొట్టం దగ్గర నీళ్లు వస్తున్నాయని అక్కడా సీలెంట్ కుక్కేవాళ్లని చూశాను. అది తిరిగే చోటు. దానికి కావాల్సింది షాఫ్టు చుట్టూ కుక్కే గ్లాండ్ రోపు అనే తాడు.

నాలుగో పని: కొనడం

చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు వెళ్లడమే మేలు. లింగి చెట్టి వీధి, తంబు చెట్టి వీధి, బ్రాడ్వే చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో పీయూ, సిలికాన్ దొరుకుతాయి. కాశిమేడు, రాయపురంలో పడవ సామాన్ల దుకాణాలవాళ్లకి రెజిన్, మ్యాట్‌తోపాటు ఏ సీలెంట్ ఎవరు కొంటున్నారో కూడా తెలుసు. తెలుగులో అడిగినా పని జరుగుతుంది.

ధర కంటే ముందు తారీఖు చూడండి. ఈ ట్యూబులు ఎక్కువగా ఏడాది లోపు వాడాల్సినవి, అదీ చల్లటి చోట పెడితే. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో మగ్గిన ట్యూబుకి ఆ తారీఖు వర్తించదు. చేత్తో నొక్కి చూడండి, మెత్తగా సమానంగా కదలాలి. గట్టి గడ్డలు తగిలితే పక్కన పెట్టేయండి.

ఎంత కావాలి? 6 మిల్లీమీటర్ల మందం గీత గీస్తే 300 మిల్లీలీటర్ల ట్యూబు సుమారు పదిన్నర మీటర్లు వస్తుంది. క్లీట్లకి ఒక ట్యూబు ఎక్కువే. కేబిన్ కిటికీలకైతే లెక్క వేసుకుని, ఒకటి ఎక్కువ తీసుకోండి. పని మధ్యలో ట్యూబు అయిపోయి ప్యారిస్‌కి పరిగెత్తితే, వచ్చేసరికి మొదటి సగం పైన ఆరి తోలు కట్టేసి ఉంటుంది.

బోల్టులు కూడా అక్కడే కొనండి. 316 గ్రేడ్ స్టీలు అడగండి. 304 కూడా మెరుస్తూ అలాగే ఉంటుంది, అయస్కాంతం పెట్టి చూసినా తేడా తెలియదు. నమ్మకమైన దుకాణం తప్ప వేరే దారి లేదు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదనుకుంటాం గానీ, గాలి ఆడని చోట తడిగా ఇరుక్కుపోతే దానికీ లోపల గుంటలు పడతాయి. కారుతున్న ఫిట్టింగ్ కింద బోల్టు మధ్యలో సన్నబడిపోయేది అందుకే.

అయిదో పని: పాతది తీయడం

అన్నిటికంటే విసుగు పుట్టించేదీ, అందరూ తప్పించుకోవాలని చూసేదీ ఇదే. పాత సీలెంట్ మీద కొత్తది పూయడం మురికి చొక్కాకి ఇస్త్రీ చేయడం లాంటిది.

ఫిట్టింగ్ గట్టిగా పట్టుకుని ఉంటే ఉలితో లేపకండి. నైలాన్ గాలం తీగ, ఇక్కడ తంగూస్ అంటారు, దాన్ని రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని పట్టుకుని, ఫిట్టింగ్ కింద రంపంలా లాగుతూ పోండి. పీయూ అయితే ముందు హీట్ గన్‌తో లోహాన్ని కాస్త వేడి చేస్తే మెత్తబడుతుంది. గన్ కదుపుతూనే ఉండాలి, ఒకేచోట నిలిపితే జెల్‌కోట్ పొక్కులెత్తుతుంది. ఈ తీగ కిటుకు నాకు కాశిమేడులో వల అల్లే ఓ పెద్దాయన చూపించాడు. హ్యాచ్ విరగ్గొట్టుకున్న రెండు వారాల తర్వాత.

గీకాక ఆ చోట నీళ్లు చల్లి చూడండి. నీరు పల్చగా పరుచుకుంటే మంచిదే. తామరాకు మీదలా చుక్కలు చుక్కలుగా నిలబడితే అక్కడ ఇంకా సిలికాన్ గానీ మైనం గానీ ఉన్నట్టే. కొత్త పడవల్లో కూడా అచ్చులోంచి తీయడానికి పూసిన మైనం జెల్‌కోట్ మీద ఉండిపోతుంది. సిలికాన్ తీసే మందుతో తుడిచి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ నీళ్లు చల్లండి.

ఆరో పని: కన్నం

డెక్ లోపల ప్లైవుడ్, బాల్సా అనే తేలిక చెక్క, ఫోమ్ లాంటి గుండె ఉంటే ఈ పని తప్పనిసరి. సీలెంట్ ఏదో ఒక రోజు ఓడిపోతుంది. ఆ రోజు నీళ్లు చెక్కకి తగలకుండా ముందే అడ్డుకట్ట వేయాలి.

8 మిల్లీమీటర్ల బోల్టు కోసమైతే పైపొరనీ లోపలి చెక్కనీ 14, 16 మిల్లీమీటర్ల బిట్టుతో తొలవండి, కింది పొరని ముట్టుకోకండి. బిట్టుకి తడి చెక్క పొట్టు, నల్లటి పొడి తగిలితే అప్పటికే కుళ్లు మొదలైనట్టు. బాగా ఆరబెట్టాలి, చెడిపోయిన చెక్క తీసేయాలి. బాగుంటే ఆ గుంటలో సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీ నింపి, మర్నాడు మధ్యలో 8 మిల్లీమీటర్ల కన్నం చేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్క లేదు, ఎపాక్సీ గొట్టం ఉంది. క్లీట్ మీద ఎంత బరువు పడినా చెక్క నలగదు కూడా.

తర్వాత కౌంటర్‌సింక్ బిట్టుతో కన్నం నోటిని 2, 3 మిల్లీమీటర్ల లోతు ఏటవాలుగా విప్పండి. అర నిమిషం పని. ఆ చిన్న గరాటులో సీలెంట్ నిండి బోల్టు మెడకి రబ్బరు ఉంగరంలా కూర్చుంటుంది. ఫిట్టింగ్ అంచు దగ్గర పొర తెగినా ఇది నీటిని ఆపుతుంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ గరాటుని గుర్తుంచుకోండి.

ఏడో పని: శుభ్రం

మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టాలి, ఆరాలి, ఆ తర్వాతే అసిటోన్. అసిటోన్ ఉప్పుని కరిగించదు. రెండు గుడ్డలు పట్టుకోండి. తడి గుడ్డతో తుడిచి, అది ఆవిరయ్యేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు అక్కడే మళ్లీ పరుచుకుంటుంది. మన ఎండలో అయిదారు సెకన్లే టైము. తిన్నర్ వద్దు, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. అక్రిలిక్ మీద అసిటోన్ పోస్తే పాలలా తెల్లబడి పగుళ్లొస్తాయి, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. అయితే పచ్చి పీయూకి ఆల్కహాల్ తగిలితే అది గట్టిపడటం మానేస్తుంది. వేళ్లకి అంటుకున్న పీయూ తుడుచుకోవడానికి శానిటైజర్ పూసుకుని, అదే చేత్తో అంచు దిద్దితే అంతే సంగతులు. ఆ చోట ఎన్నాళ్లకీ గట్టిపడని బంక మిగులుతుంది.

అసిటోన్ దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. మా బావకి ఇది రాసి ఇచ్చినా చెవికెక్కలేదు, మీరైనా వినండి. పీయూ వాడేటప్పుడు చేతికి గ్లౌజులు, చుట్టూ గాలి ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు కేబిన్ లోపల పీయూ పని చెయ్యకపోవడమే మంచిది.

ఎనిమిదో పని: పూయడం, బిగించడం

చెన్నైలో పొద్దున్న తొమ్మిది లోపు గానీ సాయంత్రం అయిదు తర్వాత గానీ పెట్టుకోండి. ట్యూబు మీద రాసిన టైములు 23 డిగ్రీలు, 50 శాతం తేమ లెక్కన చెప్పినవి. మనకి ఆ వాతావరణం ఏసీ గదిలో తప్ప దొరకదు. గంటలో తోలు కడుతుందని రాసి ఉంటే మన ఉక్కపోతలో అంతకు చాలా ముందే కట్టేస్తుంది. వేడెక్కిన, తడిగా ఉన్న డెక్ మీద పీయూ పూస్తే లోపల బుడగలు కూడా పుడతాయి. పెద్ద ట్రాలర్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం 61 రోజుల్లోనే రిపేర్లు పెట్టుకుంటాయి, అంటే సరిగ్గా మండుటెండల్లో. చిన్న పడవకి ఆ బలవంతం లేదు. జనవరి, ఫిబ్రవరి హాయి. ఈశాన్య వానలు అక్టోబరులో మొదలయ్యే ముందే అయిపోవాలనుకుంటే సెప్టెంబరులోనైనా పెట్టుకోండి.

ముందు ఏమీ పూయకుండా ఫిట్టింగ్ పెట్టి బోల్టులన్నీ దిగుతున్నాయో లేదో చూడండి. చుట్టూ పెన్సిలుతో గీసి, గీత బయట మాస్కింగ్ టేపు వేయండి. సీలెంట్ ఫిట్టింగ్ అడుగున పూయాలి, ప్రతి కన్నం చుట్టూ ఒక ఉంగరం, అంచుకి కాస్త లోపలగా ఒక చుట్టు, మధ్యలో గాలి చిక్కుకోకుండా ఒక అడ్డగీత. బోల్టు తల కింద, కన్నం గరాటులో కూడా. కింద నట్టు దగ్గర పూయకండి. కారడం మొదలైతే కింద చుక్క కనబడాలి, అక్కడా మూసేస్తే నీళ్లు చెక్కలో నిలిచిపోయి మనకు తెలియకుండా కుళ్లబెడతాయి.

ఇక బిగించడం. ఒకేసారి పూర్తిగా బిగించేస్తే సీలెంటంతా బయటికి పిండుకుపోయి లోపల ఏమీ మిగలదు. నేను చేసేదేమిటంటే, చుట్టూ సన్నటి దండలా బయటికి రాగానే ఆపేస్తాను. లోపల ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల పొర ఉండాలి. తోలు కట్టేలోపు అంచు దిద్ది టేపు తీసేసి ఇంటికి వెళ్లిపోతాను. గట్టిపడ్డాక వచ్చి చివరి అరచుట్టు. అప్పుడు తిప్పాల్సింది కింద నట్టుని, పైన బోల్టు తలని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని. బోల్టు తిరిగిందా, మెడ చుట్టూ కూర్చున్న ఉంగరం తెగిపోయినట్టే. పైన ఒకరు, కింద ఒకరు ఉండాలి. ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. రెండుసార్లు బిగిస్తే అతుకు పాడవుతుందని, ఒక్కసారే బిగించి వదిలేసే పనివాళ్లూ ఉన్నారు. పాదం చిన్నదై, సమంగా కూర్చునేదైతే వాళ్ల పద్ధతీ నడుస్తుంది.

బ్యూటైల్ టేపు అయితే తీరు వేరు. ఫిట్టింగ్ అడుగున పరిచి, బోల్టు మెడకి సన్నటి తాడులా చుట్టి, అరచుట్టు బిగించి, పది నిమిషాలు ఆగి, మళ్లీ అరచుట్టు. అది మెల్లగా పిండుకుంటూ బయటికి వస్తుంది. బయటికి రావడం ఆగాక, మర్నాడు ఎండకి ఇంకాస్త మెత్తబడ్డాక చివరి బిగింపు. మిగిలింది ప్లాస్టిక్ చెంచాతో గీకేయడమే.

తొమ్మిదో పని: ఆగడం, తడిపి చూడడం

తేమతో గట్టిపడేవి బయటి నుంచి లోపలికి వెళ్తాయి. అంచు గట్టిగా ఉందంటే మధ్యలో కూడా ఉన్నట్టు కాదు. వెడల్పాటి లోహపు పాదం కింద మధ్యభాగానికి వారాలు పట్టొచ్చు. మునిగే ఫిట్టింగ్ అయితే కనీసం వారం నీళ్లలోకి దించకండి. పులికాట్‌లో, మనవాళ్లు ప్రళయకావేరి అనే సరస్సులో, ఓ సీజన్ మొదట్లో తొందరపడి మూడో రోజే దించేసిన పడవని నేను చూశాను. డ్రెయిన్ ప్లగ్ చుట్టూ పచ్చి పీయూ నల్లటి జీడిపాకంలా కిందికి జారి ఉంది.

పరీక్షకి పైప్ చాలు. లోపల ఫిట్టింగుల కింద సుద్దపొడి చల్లండి, లేదా టిష్యూ కాగితం అతికించండి. బయట ఒక్కో ఫిట్టింగ్‌నీ విడిగా అయిదు నిమిషాలు తడపాలి, కింద ఉన్నవాటితో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కిందికి జారి ఏది కారుతోందో తెలియదు. చుక్క కనబడిన చోటే నేరస్థుడు ఉండడు. నీరు డెక్ కింద రెండు మూడు అడుగులు పాకి, తనకి నచ్చిన చోట చుక్కగా పడుతుంది. మా బావ వలల మీద పడ్డ నీళ్లలో సగం క్లీట్‌వి కానే కావు, రెండడుగుల ముందున్న లైటు వైరు కన్నానివి.

మిగిలిన ట్యూబుని పారేయకండి. నాజిల్‌లోకి పొడవాటి స్క్రూ ఒకటి దింపి, పైన టేపు చుట్టి, గాలి పోని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో పడేయండి. మళ్లీ కావాల్సినప్పుడు స్క్రూ పట్టుకుని లాగితే గట్టిపడ్డ ముక్క దానితోపాటే వస్తుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. మా ఇంట్లో ఒకసారి అది కెచప్ ట్యూబుల పక్కన కనబడి పెద్ద గొడవైంది.